వేసిన చేప వెనక్కి రాదు

రీఫ్ ట్యాంకులో కొత్త చేపను వదలడానికి అయిదు నిమిషాలు చాలు. అదే చేపను బయటికి తీయాలంటే రాళ్లన్నీ విప్పుకోవాలి. రెండేళ్లు నిలదొక్కుకున్న ట్యాంకులో ఆ రాళ్ల మీద పగడాలు పాకి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వల నీళ్లలోకి దిగగానే చేప సందులోకి దూరుతుంది. మనం చేయి పెట్టిన చోటల్లా ఏదో ఒక కొమ్మ విరుగుతుంది. మంచినీళ్ల చేపలు పెంచి, ఆ ధైర్యంతో ఉప్పునీళ్లలోకి వచ్చినవాళ్లు మొదట దెబ్బ తినేది ఇక్కడే. 'పడకపోతే తీసేద్దాంలే' అన్న మాట ఇందులో చెల్లదు. అందుకే చేపను ఎంచుకోవడంలో ముప్పాతిక వంతు పని షాపు గడప తొక్కకముందే అయిపోవాలి.

గాల్లో సూత్రాలు చెప్పే బదులు ఒక ట్యాంకును ఎదురుగా పెట్టుకుందాం. అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ప్లేనోలో ఉండే మా తమ్ముడిది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 75 గ్యాలన్లు, అంటే సుమారు 284 లీటర్లు. రాళ్లూ ఇసుకా ఆక్రమించింది పోగా అసలు నీళ్లు అంతకంటే తక్కువే. కింద సంప్, అందులో ప్రోటీన్ స్కిమ్మర్. పైన హ్యామర్, టార్చ్, మష్రూమ్ రకాల పగడాలు, ఒక మూల పలకలుగా పెరుగుతున్న మోంటిపోరా. చేపలు నాలుగే: ఒక జత ఓసెలారిస్ క్లౌన్‌ఫిష్, ఒక రాయల్ గ్రామా, ఒక పసుపు వాచ్‌మన్ గోబీ. గోబీతో కాపురం చేసే పిస్టల్ రొయ్య ఒకటి, క్లీనర్ రొయ్యలు రెండు, కొన్ని నత్తలు. ఇంకో మూడు నాలుగు చేపలకు చోటుందని తమ్ముడి నమ్మకం. ఏవి అన్నదే ప్రశ్న.

ఇండియాలో చదివేవాళ్లకు మధ్యలో ఒక మాట. రీఫ్ కట్టే గట్టి పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎవరైనా 'లైవ్ కోరల్' అని అమ్మజూపితే కొనకండి. పగడాలు లేకుండా, చేపలూ కృత్రిమ రాళ్లతో నడిపే ఉప్పునీటి ట్యాంకుకు మాత్రం కింద చెప్పేదంతా పనికొస్తుంది.

ఎవరి అడ్డా ఏది

మొదటి పని కాగితం, పెన్ను పట్టుకుని ట్యాంకు ముందు కూర్చోవడం. ట్యాంకు బొమ్మ గీసి, ఏ చేప ఎక్కడ తిరుగుతోంది, ఎక్కడ పడుకుంటోంది, ఎవరిని ఎక్కడిదాకా తరిమి వెనక్కి వస్తోంది, ఇవన్నీ దాని మీద గుర్తుపెట్టాలి. మేత వేసేటప్పుడు ఒక్కసారి చూస్తే సరిపోదు, ఆ వేళకు అన్నీ ఒకచోటే చేరతాయి. దీపాలు ఆరే ముందు చూడాలి, పొద్దున వెలిగాక చూడాలి. ఒక వారం అలా చూస్తే పటం తేలుతుంది.

ఈ ట్యాంకులో కుడివైపు మూడో వంతు క్లౌన్‌ఫిష్‌లది. రెంటిలో పెద్దది ఆడది. టార్చ్ పగడంలో పొర్లుతూ ఉంటుంది, అద్దం తుడవడానికి చేయి పెడితే కొరుకుతుంది. దాని పెత్తనం పగడం నుంచి జానెడు దూరం వరకే, ఆ గీత దాటాక పట్టించుకోదు. మధ్యలో రాతి చూరు రాయల్ గ్రామాది. కరీబియన్ సముద్రం చేప, ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. చూరు కింద తలకిందులుగా ఈదుతుంటే జబ్బు చేసిందని కంగారు పడతారు కానీ అది దాని తీరు. గుమ్మం దగ్గరికి ఎవరొచ్చినా నోరు బార్లా తెరిచి బెదిరిస్తుంది. వచ్చింది తన రంగులోనో తన ఆకారంలోనో ఉంటే బెదిరింపుతో ఆగదు.

ఎడమవైపు నేల గోబీదీ రొయ్యదీ. వీటి వ్యవహారం కాస్త ఆగి చూడాల్సిందే. రొయ్యకు చూపు తక్కువ. బొరియ తవ్వడం దాని పని, గుమ్మంలో కాపలా గోబీ పని. ఇసుక ఎత్తుకుని బయటికి వచ్చిన ప్రతిసారీ రొయ్య తన మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. గోబీ తోక సన్నగా వణికిందా, మోస్తున్న ఇసుకను అక్కడే వదిలేసి రొయ్య లోపలికి మాయం. దీన్ని చూశాక నేల మీద బతికే ఇంకో చేపను తేవాలన్న ఆలోచన తమ్ముడు తనంతట తనే కొట్టేశాడు.

పటం పూర్తయ్యేసరికి ఖాళీలు కనిపించాయి. పైన, మధ్యలో బారెడు నీళ్లు ఎవరూ ఈదకుండా ఉన్నాయి. రాళ్ల మీద గోధుమ రంగు నాచు పొర పడుతోంది, దాన్ని తినే చేప లేదు. నీడపట్టున నెమ్మదిగా నిలబడే చేపకు ఎడమవైపు పై మూల ఉంది. ఇవి మూడు ఉద్యోగాలు అనుకోండి. ఇక వెతకాల్సింది వీటికి సరిపోయే అభ్యర్థుల్ని. అందమైన చేపను ముందు చూసుకుని తర్వాత దానికి చోటు వెతికితే కథ అడ్డం తిరుగుతుంది.

నీళ్ల లెక్క త్వరగా చూసేద్దాం. గ్యాలన్‌కు ఒక అంగుళం చేప అనే పాత లెక్కను రీఫ్‌లో నమ్మకండి. చేప పొడవు రెట్టింపైతే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది, తిండీ విసర్జనా దాన్ని బట్టే. చూడాల్సింది నెలరోజుల నైట్రేట్, ఫాస్ఫేట్ రీడింగులు. మేత మార్చకుండానే అవి పైకి పాకుతున్నాయంటే ట్యాంకు ఉన్న చేపలనే మోయలేకపోతోంది. ముందు స్కిమ్మర్ సంగతి చూసుకుని తర్వాత చేపల సంగతి. తమ్ముడి ట్యాంకులో నైట్రేట్ అయిదు పీపీఎం దగ్గర కదలకుండా ఉంది, కనక ముందుకు పోవచ్చు.

కొట్టివేతల జాబితా

అసలు ఎంపిక అంటే కొట్టేయడమే. ఆశపడ్డ చేపలన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదానికి మూడు ప్రశ్నలు వేయాలి. పూర్తిగా పెరిగితే ఎంతవుతుంది? ఉన్నవాళ్లలో ఎవరిని తింటుంది, ఎవరితో కొట్లాడుతుంది? రోజూ అది తినేది మనం పెట్టగలమా?

ఆ ఇంట్లో మొదటి పేరు పిల్లది. "పెదనాన్నా, డోరీ తెద్దాం!" 2003లో 'ఫైండింగ్ నీమో', 2016లో 'ఫైండింగ్ డోరీ' వచ్చాక పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ పేరు వినపడుతుంది. షాపులో రెండంగుళాల నీలం బిళ్ల. పెరిగితే అడుగు దాకా పోతుంది, సముద్రంలో రోజంతా ఈదే చేప. నాలుగడుగుల గాజుపెట్టెలో అటూ ఇటూ కొట్టుకుంటుంది, ఆ ఒత్తిడికి తెల్లమచ్చ జబ్బు అన్నిటికంటే ముందు దానికే పడుతుంది. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని మొదటిసారి ట్యాంకులో గుడ్డు నుంచి పెంచి చూపించారు. సముద్రంలో పట్టే బాధ తప్పొచ్చేమో కానీ దాని సైజు తగ్గదు కదా. కొట్టివేత.

తర్వాత పసుపు టాంగ్. దాదాపు అన్నీ హవాయి దీవుల నుంచే వచ్చేవి. 2017లో అక్కడి సుప్రీంకోర్టు పర్యావరణ సమీక్ష లేకుండా అక్వేరియం కోసం చేపలు పట్టే అనుమతులు ఇవ్వడం కుదరదన్నాక సరఫరా పడిపోయింది, ధర ఆకాశానికి ఎక్కింది. 2015లో హవాయిలోని ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని పెంచే విద్య సాధించింది కనక ఇప్పుడు హేచరీ పిల్లలు దొరుకుతున్నాయి. నాలుగడుగుల్లో పెంచేవాళ్లు లేకపోలేదు. కానీ ఎనిమిది అంగుళాలకు పెరిగే చేప, పైగా తగాదాకోరు. నా ఓటు దానికి పడలేదు.

మాండరిన్ మీద తమ్ముడికి మనసు. నీలం, నారింజ, ఆకుపచ్చ ముగ్గులు వేసినట్టుండే ఆ చేపను చూసి ఆగగలిగినవాళ్లు తక్కువ. రోజంతా గింజలు ఏరుకునే కోడిలా రాళ్ల మీద కోపిపాడ్ పురుగుల్ని ఒక్కోటే ఏరుకుని తింటుంది. చాలా మాండరిన్‌లు పెట్టిన మేత ముట్టవు. కొత్తలో బాగానే తిరుగుతున్నట్టు కనిపిస్తూ, రాళ్ల మీద పురుగులు అయిపోయాక నెలల తరబడి ఎండి చచ్చిపోతాయి. హేచరీలో పుట్టి, పెల్లెట్లకు అలవాటైన పిల్లలు దొరుకుతాయి, వాటితో ఆశ ఉంది. కానీ మధ్య నీళ్లలోకి తేవాలనుకుంటున్న చేప కూడా ఆ పురుగుల్నే వేటాడుతుంది. రెండూ ఒకే కంచంలో తింటే ఓడేది మాండరిన్. దీనికోసం ఎప్పుడైనా వేరే ట్యాంకు పెట్టుకోవచ్చు.

మిగతావి గబగబా తేలిపోయాయి. ఫ్లేమ్ ఏంజెల్ పగడాలను గిల్లుతుందో లేదో జూదం, ఒకటి గిల్లదు, దాని తోబుట్టువు గిల్లుతుంది. గిల్లేది ఇంట్లోకి వస్తే తీయలేం గనక ఆ జూదం వద్దు. ఫ్లేమ్ హాక్‌ఫిష్ క్లీనర్ రొయ్యల్ని భోంచేస్తుంది. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై తిండి మొదలుపెట్టడమే కష్టం. ఆంథియాస్ గుంపుకు రోజుకు మూడు నాలుగుసార్లు మేత వేయాలి, ఆఫీసులకు పోయే ఇంట్లో కుదిరే పని కాదు. గ్రీన్ క్రోమిస్‌ను 'గుంపుగా ఈదుతాయి, ఆరు తీసుకోండి' అని అంటగడతారు. గుంపు మాట నిజమే, కానీ చిన్న ట్యాంకులో అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటూ ఒక్కోటీ తగ్గిపోయి చివరికి ఒకటో రెండో మిగులుతాయి. సిక్స్‌లైన్ ర్యాస్ చవక, అందం, చురుకు అన్నీ ఉన్న రౌడీ. అది ముందుగా వచ్చిందంటే తర్వాత వచ్చే ఏ సాధు చేపనూ నిద్రపోనివ్వదు.

మిగిలినవి మూడు రకాలు. నీడ మూలకు ఒక జత బంగ్గాయ్ కార్డినల్. ఇండోనేసియాలో సులవెసి పక్కన ఉన్న బంగ్గాయ్ దీవుల్లోనే సహజంగా ఉండే చేప ఇది. అక్వేరియంల కోసం విపరీతంగా పట్టేయడంతో 2007లో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. ఇంట్లో కూడా గుడ్లు పెట్టే చేప కనక హేచరీ పిల్లలు సులువుగా దొరుకుతాయి, సముద్రంలో పట్టినవాటిని కొనాల్సిన అవసరమే లేదు. గుడ్లను మగచేప మూడు వారాల పాటు నోట్లో పెట్టుకుని మోస్తుంది, అన్ని రోజులూ అన్నం ముట్టదు. కొనేటప్పుడు జత కుదిరినవాటినే కొనాలి, ఏవో రెండు తెస్తే ఒకటి రెండోదాన్ని చంపుతుంది.

మధ్య నీళ్లకు మెకాస్కర్ ఫ్లాషర్ ర్యాస్. మూడంగుళాలు దాటదు, పగడాల జోలికి పోదు, నీళ్లలో తేలే చిన్న జీవుల్ని తింటుంది. నారింజ ఒంటి మీద నీలం గీతలు, వీపు రెక్క నుంచి ఒక పొడవాటి పోగు. మగచేపకు ఉత్సాహం వస్తే రెక్కలన్నీ నిలబెట్టి, ఒక్క ఊపున ముందుకు దూసుకుపోతుంది. ఆ రెండు క్షణాల్లో నీలం గీతలు మండినట్టు వెలిగి మళ్లీ మామూలుకు వస్తాయి. కళ్లార్పితే తప్పిపోతుంది. నాచు పనికి టోమినీ టాంగ్. టాంగ్‌లలో చిన్నది, ఆరంగుళాల దగ్గర ఆగుతుంది. దీని జాతికి నోట్లో సన్నని బిరుసు పళ్లుంటాయి, రాతి మీది పొరను వాటితో గీకి తింటుంది. నాలుగడుగుల ట్యాంకులో టాంగ్ పెట్టితీరాలంటే నేను ఒప్పుకునేవి ఇదీ, దీని సోదరి కోలే టాంగ్.

ఇక వరస. సాధువు ముందు, గట్టివాడు చివర. ముందు వచ్చినవాడికే నేల హక్కు. కార్డినల్ జత, తర్వాత ర్యాస్, అందరికంటే వెనక టాంగ్. ఒక్కో విడతకూ మధ్య కనీసం నెల. ట్యాంకులోని బ్యాక్టీరియా కొత్త బరువుకు తగ్గట్టు పెరగడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

షాపులో చూడాల్సింది

షాపుకు డబ్బుతో కాకుండా ఓపికతో వెళ్లాలి. సరుకు దిగిన రోజే కొనకండి. అడ్వాన్సు ఇచ్చి, 'వారం ఉంచండి' అని అడిగితే మంచి షాపువాళ్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోని షాపులో ఏం దాస్తున్నారో మనకు తెలియదు. ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల ఇప్పటికీ సయనైడ్ చల్లి చేపల్ని మత్తెక్కించి పడతారు. అలా పట్టినవి పైకి బాగానే ఉండి, రోజులు గడిచాక చనిపోతాయి. వారం ఆగితే అలాంటివి కొన్ని షాపులోనే తేలిపోతాయి.

దగ్గరికి పోగానే చేప మనల్ని చూసి తీరు మార్చుకుంటుంది. అందుకే ముందు ఆరేడు అడుగుల దూరంలో నిలబడి చూడాలి. మొప్పలు రెండూ కదులుతున్నాయా, ఒకటే కొట్టుకుంటోందా? ఊపిరి ఆ జాతి పక్క చేపకంటే వేగంగా ఉందా? రాతికి ఒళ్లు రాసుకుంటోందా? పంపు ధారకు ఎదురెళ్లి అక్కడే నిలబడి ఉందా? వెల్వెట్ జబ్బు తగిలిన చేప అలా చేస్తుంది, ఒంటి మీద మచ్చలు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. తర్వాత దగ్గరికి వెళ్లి తల వెనక వీపు చూడాలి. అక్కడ లొట్టపడి ఉంటే చాలాకాలంగా తిండి లేదని అర్థం. పొట్ట లోపలికి పోవడం ఒకటి రెండు రోజుల ఆకలి కావచ్చు, వీపు కరగడం వేరు. అన్నీ ఒకే నీళ్లు తిరిగే షాపుల్లో పక్క అరలో చేప చచ్చిపడి ఉంటే, మనం చూస్తున్న చేప ఎంత బాగున్నా ఆ రోజుకు వెనక్కి వచ్చేయడమే.

జాతిని బట్టి ఒక్కో ప్రత్యేక పరీక్ష ఉంటుంది. టోమినీలో పెదవులు చూడాలి. ప్రయాణంలో సంచికి మూతి రాపిడి తగిలి పెదవులు చిట్లితే, ఆ చేప నాచు గీకలేదు, తినలేక పోతుంది. ర్యాస్‌లో ఈత చూడాలి. లోతు నుంచి తొందరగా పైకి లాగితే గాలితిత్తి దెబ్బతిని తోక పైకి, తల కిందికి పెట్టి ఈదుతుంది. అద్దం దగ్గర వంకరగా నిలబడ్డ ర్యాస్‌ను చూసి 'అలసిపోయిందిలెండి' అనే షాపువాడి మాట వినకండి.

ఆఖరి పరీక్ష తిండి. కళ్ల ముందు మేత వేయించమనాలి. మంచి ర్యాస్ అయితే మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి మేత) ముక్క నీళ్లలో పడగానే కళ్లు రెండూ విడివిడిగా తిప్పి, దాని మీద ఆపి, ఒక్క దూకుతో నోట వేసుకుంటుంది. నోట్లో వేసుకుని ఉమ్మేసేది తిన్నట్టు కాదు. మళ్లీ వెంటనే ఇంకోదాని కోసం చూస్తేనే తింటున్నట్టు. ఏం మేత పెడుతున్నారు, నీళ్ల ఉప్పుదనం ఎంత, నీళ్లలో రాగి మందు ఉందా, ఈ మూడూ అడిగి రాసుకుని రండి. చాలా షాపులు చేపల నీళ్లను 1.020 సాపేక్ష సాంద్రత దగ్గర, తక్కువ ఉప్పుతో నడుపుతాయి. మన రీఫ్ 1.025 లేదా 1.026. ఈ తేడాను మర్చిపోతే షాపులో హుషారుగా ఉన్న చేప ఇంట్లో రెండో రోజుకు చచ్చిపోతుంది, కారణం ఎవరికీ అర్థం కాదు.

పక్కగదిలో నెలరోజులు

కొత్త చేపను నేరుగా రీఫ్‌లో వేయకూడదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. కారణం తెల్లమచ్చ పరాన్నజీవి. అది చేప ఒంటి మీద నాలుగైదు రోజులు తిని, రాలి కిందపడి, రాతికో ఇసుకకో పెంకులా అంటుకుని లోపల వందలుగా విడిపోతుంది. ఆ పెంకు కొన్ని రోజుల్లోనే పగలొచ్చు, వారాల తర్వాతైనా పగలొచ్చు. బయటికొచ్చిన పిల్లలకు ఒకటి రెండు రోజుల్లో చేప దొరకకపోతే చచ్చిపోతాయి. మందు పనిచేసేది నీళ్లలో ఈదే ఆ చిన్న దశ మీదే, ఆ మందు రాగి. రాగి రొయ్యల్నీ నత్తల్నీ పగడాల్నీ చంపుతుంది గనక రీఫ్‌లో వేయలేం. అంటే జబ్బు ఒక్కసారి రీఫ్‌లోకి చేరితే ఉన్న చేపలన్నిటినీ బయటికి తీసి, ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా ఉంచాలన్నది ఈ రంగంలో తలపండినవాళ్లు చెప్పే లెక్క. రాళ్లు విప్పే పని మళ్లీ మొదటికొస్తుంది, ఈసారి అన్ని చేపల కోసం.

క్వారంటైన్ ట్యాంకుకు హంగులేం అక్కర్లేదు. 20 గ్యాలన్ల గాజుపెట్టె, హీటర్, దాక్కోవడానికి రెండు మూడు పీవీసీ ఎల్బోలు, పైన వల. ఇసుక వద్దు, రాయి వద్దు, అవి మందును పీల్చేస్తాయి. ఒక స్పాంజ్ ఫిల్టర్‌ను మాత్రం నెల ముందే మెయిన్ ట్యాంకు సంప్‌లో వేసి ఉంచాలి. బ్యాక్టీరియా దాని మీద పెరిగితే కొత్త నీళ్లలో అమ్మోనియా పెరగదు.

చేపను సంచిలోంచి దింపడంలో కొంత రసాయనశాస్త్రం ఉంది. చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల మూసిన సంచిలో నీళ్ల పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ విసర్జనలోని అమ్మోనియా ఎక్కువ భాగం అంతగా హాని చేయని అమోనియం రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే గాలి తగిలి పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. కొరియర్‌లో రాత్రంతా ప్రయాణించి వచ్చిన చేప సంచిని విప్పి గంటలకొద్దీ బొట్టు బొట్టు నీళ్లు కలుపుతూ కూర్చోవడం దానికి మేలు చేయదు. క్వారంటైన్ నీళ్ల ఉప్పుదనం ముందే షాపు లెక్కకు సరిచేసి పెట్టుకోవాలి. మూసిన సంచిని ఒక పావుగంట తేల్చి వేడి సమం కాగానే విప్పి, చేపను చేతిలోకి తీసి లోపల వదిలేయాలి. సంచి నీళ్లు సింకులోకి. తర్వాత రోజుకు 0.001 చొప్పున ఉప్పు పెంచుకుంటూ వారంలో 1.025కు తేవాలి. ఉప్పు తగ్గడాన్ని చేప ఓర్చుకుంటుంది, పెరగడాన్ని తొందరగా ఓర్చుకోలేదు.

మొదటి నాలుగైదు రోజులు మందు జోలికి పోకుండా తిండి మీద దృష్టి పెడితే మంచిది. బతికున్న ఆర్టీమియాతో మొదలుపెట్టి, ఫ్రోజెన్ మైసిస్, తర్వాత పెల్లెట్లు. ప్లేనో ఫ్రీజర్‌లో గోంగూర ప్యాకెట్ల పక్కన మైసిస్ పలకలు చేరినందుకు మరదలు మొదట గొడవ చేసింది, తర్వాత వాటికి విడిగా ఒక డబ్బా ఇచ్చింది. టాంగ్‌కు నోరి కావాలి. కొరియన్ సరుకుల షాపులో దొరికే మామూలు షీటే, నూనే ఉప్పూ మసాలా కలపనిది చూసి తేవాలి. తినడం కుదిరాక రాగి మందును సీసా మీద రాసిన మోతాదుకు రెండు మూడు రోజుల్లో మెల్లగా తీసుకెళ్లి, టెస్ట్ కిట్‌తో రోజూ కొలిచి నిలబెట్టాలి. ర్యాస్‌ల విషయంలో ఈ 'మెల్లగా' అన్నది మరీ ముఖ్యం. కొలవకుండా అంచనాగా పోస్తే తక్కువైతే పనిచేయదు, ఎక్కువైతే చేపే పోతుంది. మందు పూర్తయ్యాక శుభ్రమైన నీళ్లలో మరో వారం రెండు వారాలు గమనించాలి.

వల, పెట్టె, చీకటి

ర్యాస్ వచ్చే ముందే మెయిన్ ట్యాంకుకు మూత బిగించాలి. గాజు మూత వద్దు, వేడెక్కుతుంది, వెలుతురు తగ్గుతుంది. పావు అంగుళం కళ్లున్న సన్న వల ఫ్రేముకు బిగించి పైన పెట్టాలి. వైర్లు దిగే మూల చిన్న సందు వదిలినా సరే, ర్యాస్ దూకేది ఆ సందులోంచే. దీపం ఆరగానే ఉలిక్కిపడి దూకడం వాటికి మామూలు.

వదిలే రోజు చేపను ముందు కన్నాలున్న అక్రిలిక్ పెట్టెలో పెట్టి ట్యాంకు లోపల, అద్దానికి తగిలించాలి. లోపలి చేప, బయటి చేపలు ఒకరినొకరు చూసుకుంటాయి, ముట్టుకోలేవు. కొత్త చేప రాకముందు రాళ్ల అమరిక మార్చేస్తే పాతవాళ్ల హక్కులు చెరిగిపోతాయని పుస్తకాల్లో ఉంటుంది. పగడాలు అంటుకున్న ట్యాంకులో అది జరిగే పని కాదు గనక ఆ పని ఈ పెట్టెతోనే సాధించాలి. కార్డినల్స్‌ను పెట్టినప్పుడు రాయల్ గ్రామా వచ్చి నోరు తెరిచి పోయింది. ఆడ క్లౌన్ మాత్రం పెట్టెకు అంటిపెట్టుకుని తిరిగింది. 'అన్నయ్యా, ఇది ఊరుకునేట్టు లేదు' అని తమ్ముడి ఫోను. పెట్టెను ఎడమ చివరకు, దాని పరిధికి దూరంగా జరిపితే రెండో రోజుకు ఆసక్తి పోయింది. చూడాల్సిన తేడా ఒకటుంది. వచ్చి చూసి పోయేది కుతూహలం. కన్నాల్లోంచి కొరకడానికి ప్రయత్నించేది పగ. పగ కనిపించినంతకాలం పెట్టె తలుపు తీయకూడదు.

తలుపు తీసేది సాయంత్రం, ఉన్నవాటికి కడుపునిండా మేత వేసి, దీపాలు ఆర్పాక. ఫ్లాషర్ ర్యాస్ మొదటి రెండు మూడు రోజులు కనిపించకపోవచ్చు. రాళ్లు కదిపి వెతక్కండి. రాత్రి అది రాతి సందులో ఒంటి చుట్టూ జిగురు గూడు అల్లుకుని పడుకుంటుంది, పొద్దున వెలుతురు వచ్చాక నిదానంగా వస్తుంది. రోజూ ఒకే వేళకు, ఒకే చోట మైసిస్ వేస్తుంటే ఆకలే బయటికి తెస్తుంది. రెక్కలు కాస్త చినిగితే వారంలో అతుక్కుంటాయి. కంటి మీద, పక్కల మీద గాట్లు పడుతుంటే మాత్రం ఆగకూడదు, మళ్లీ పెట్టెలోకి. తరిమే చేప టాంగే అయితే ట్యాంకు బయట అద్దానికి ఒక చిన్న ముఖం చూసుకునే అద్దం ఆనిస్తే, కొన్ని రోజులు దాని కోపమంతా తన ప్రతిబింబం మీదికి పోతుంది.

టోమినీ అన్నిటికంటే చివర వస్తుంది కాబట్టి దాని కోసం ఒక ముందుజాగ్రత్త. పరిచయాలయ్యాక అక్రిలిక్ పెట్టెను తీసేయకుండా తలుపు తెరిచి అక్కడే ఉంచండి. నోరి క్లిప్పును వారానికి రెండు మూడుసార్లు ఆ పెట్టె లోపలే తగిలించండి. మొదట లోపలికి పోవడానికి వెనకాడుతుంది, తర్వాత తిండి చోటుగా అలవాటు పడుతుంది. రెండు మూడేళ్లలో అది పెద్దదై గ్రామాను చూరు కింద నిలవనివ్వకపోయినా, తమ్ముడు ఇల్లు మారాల్సి వచ్చినా, నోరి పెట్టి తలుపు మూస్తే సరి, రాళ్లు విప్పే పని ఉండదు. దాన్ని తీసుకోగల ఆరడుగుల ట్యాంకు ఎవరి దగ్గరుందో, తిరిగి తీసుకునే షాపు ఏదో మాత్రం టాంగ్‌ను కొనకముందే కనుక్కుని ఉంచుకోవాలి.